మనం రాసిన మామూలు మెయిళ్లు అవతలివాళ్ల స్పామ్‌లోకి ఎందుకు పోతున్నాయి?

గంగజాతర (తిరుపతి)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా నేను పంపే మెయిళ్లు చాలామందికి స్పామ్ ఫోల్డర్‌లో పడుతున్నాయి. అవేమీ ప్రకటనలు కావు, ఇంట్లోవాళ్లకీ పాత కొలీగ్స్‌కీ రాసుకునే ఉత్తరాలు. మా ఇంటిపేరు మీద ఒక డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) ఉంది. ఇంట్లో అందరికీ దాని మీదే మెయిల్ అడ్రసులు.

న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడికి చంద్రగిరి దగ్గరి పొలం తాలూకు పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్టు పంపాను. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు. వాడికి ఇష్టం లేదేమో, మొహమాటానికి చెప్పలేకపోతున్నాడేమో అని నేననుకున్నాను. అక్క ఇంకా పంపనే లేదు, కావాలనే ఆలస్యం చేస్తోంది అని వాడనుకున్నాడు. ఫోన్లో మాటా మాటా పెరిగింది. చివరికి మా మరదలు స్పామ్ తెరిచి చూస్తే డ్రాఫ్టు అక్కడుంది.

అదే ఫైలును నా జీమెయిల్ నుంచి పంపితే నేరుగా ఇన్‌బాక్స్‌లోకే పోయింది. మా డొమైన్ మెయిల్ ఇంతకుముందు ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉండేది. పోయిన ఏడాది మా వెబ్‌సైటు చూసే అబ్బాయి దాన్ని వేరే మెయిల్ సర్వీసుకు మార్చాడు. గొడవ అప్పటినుంచే మొదలైందని నా అనుమానం. ఎక్కడ చూడాలో ఎవరైనా చెప్పగలరా?

చిత్తూరు నీలం
శనివారం, రాత్రి 9:30

సబ్జెక్టులో ‘అర్జెంట్’ అని రాశారా మేడం? ‘ఫ్రీ’, ‘ఆఫర్’, ‘మనీ’ లాంటి మాటలుంటే స్పామ్‌లో వేస్తారని ఎప్పటినుంచో వింటున్నాం. ఆ మాటలు తీసేసి పంపి చూడండి.

గంగజాతర
శనివారం, రాత్రి 9:41

సబ్జెక్టు ‘పొలం కాగితాలు’ అని తెలుగులోనే రాశానండీ. లోపల నాలుగు ముక్కలు, ఒక పీడీఎఫ్. అంతే.

పోర్టు25 (సొంతూరు చిత్తూరు, ఉద్యోగం బెంగళూరు)
శనివారం, రాత్రి 10:55

అక్కా, నేను మెయిల్ సర్వర్లు చూసే పనిలోనే ఉన్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నీలం అన్న చెప్పింది ఒకప్పుడు నిజమే. 2002 ప్రాంతంలో స్పామ్ పట్టుకోవడానికి పదాల లెక్కే ముఖ్యమైన పద్ధతిగా ఉండేది. ఇప్పుడు పెద్ద మెయిల్ కంపెనీలు ముందు చూసేది వేరు. ఈ మెయిల్ ఎవరి పేరుతో వచ్చిందో నిజంగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందా? ఆ పేరుకు ఇంతవరకు మంచి చరిత్ర ఉందా? ఈ రెండూ తేలాకే లోపల ఏం రాశారన్నది.

ఇంత అనుమానం ఎందుకంటే మెయిల్ పుట్టుకలోనే లోటుంది. మెయిల్ పంపే పద్ధతిని, అంటే ఎస్‌ఎమ్‌టీపీని, జాన్ పోస్టెల్ 1982లో రాశారు. అప్పుడు ఆ నెట్‌వర్కులో ఉన్నది యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, అమెరికా రక్షణ శాఖవాళ్లు. పంపేవాడు తాను ఫలానా అని చెబితే నమ్మడమే, రుజువు అడిగే ఏర్పాటు అందులో లేదు. ఈరోజుకీ ఎవరైనా ఒక సర్వర్ పెట్టుకుని ‘ఫ్రమ్’ దగ్గర మీ అడ్రసు టైపు చేసి పంపొచ్చు, ఎస్‌ఎమ్‌టీపీ అడ్డం చెప్పదు. అంతకుముందే, 1978 మే నెలలోనే, డెక్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ అమ్మకాల కోసం దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. మొదటి స్పామ్‌గా దాన్నే చెబుతారు. ఇప్పుడు జీమెయిల్ రోజుకు ఆపే అనవసరపు మెయిళ్లు దాదాపు 1,500 కోట్లని గూగుల్ లెక్క.

ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. మూడూ మీ డొమైన్ డీఎన్‌ఎస్ (ఆ డొమైన్ వివరాలు అందరికీ కనిపించేలా ఉండే ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం) సెట్టింగుల్లోనే ఉంటాయి.

ఎస్‌పీఎఫ్ అంటే ‘మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది’ అని మీరు అందరికీ కనిపించేలా పెట్టే జాబితా. డీకిమ్ అంటే మీ సర్వర్ ప్రతి మెయిల్‌కీ పెట్టే డిజిటల్ సంతకం. దాన్ని సరిచూసే తాళం మీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది, దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా సంతకం కుదరదు. డీమార్క్ అంటే ‘ఆ రెండింటిలో ఏ ఒక్కటీ మా పేరుతో సరిపోకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలి’ అని మీరిచ్చే సూచన. చూసీ చూడనట్టు వదలమనొచ్చు, స్పామ్‌లో వేయమనొచ్చు, లోపలికే రానివ్వొద్దని చెప్పొచ్చు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ రూలు గట్టిగా పట్టుకున్నాయి. జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. చాలామంది ఆ 5,000 అంకె చూసి మనకెందుకులే అని వదిలేశారు. కానీ రోజుకు ఒక్క మెయిల్ పంపేవాళ్లకైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలని అందులోనే ఉంది.

మీ జీమెయిల్ ఎందుకు నేరుగా పోయిందంటే, అక్కడ ఈ పనులన్నీ గూగులే చూసుకుంటుంది. సొంత డొమైన్‌కు మనమే చూసుకోవాలి.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ డొమైన్ అడ్రసు నుంచి మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపండి. దాన్ని ఫోన్లో కాకుండా కంప్యూటర్‌లో తెరవండి. రిప్లై బాణం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ‘షో ఒరిజినల్’ అని వస్తుంది. ఆ పేజీలో పైన చిన్న పట్టిక ఉంటుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పక్కన ఏముందో ఇక్కడ రాయండి. మీ అడ్రసు, ఐపీ నంబరు (నెట్‌లో ఒక సర్వర్‌ను గుర్తుపట్టే నంబరు) మాత్రం పెట్టొద్దు.

పలమనేరు మాస్టారు
ఆదివారం, ఉదయం 6:20

పోర్టు25 గారూ, చాలా బాగా చెప్పారు. నాదీ ఇదే బాధ, కాకపోతే నాకు సొంత డొమైన్ లేదు. మామూలు జీమెయిలే.

1998 పదో తరగతి బ్యాచ్ పిల్లలు మళ్లీ కలుద్దామన్నారు. నా దగ్గర డైరీలో రాసిపెట్టుకున్న వాళ్ల మెయిల్ అడ్రసులున్నాయి. అందరినీ బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడకుండా) పెట్టి ఒకే మెయిల్ పంపాను, స్కూలు పాత ఫొటోలున్న లింకుతో సహా. సగానికి సగం తిరిగొచ్చాయి. మిగిలిన వాళ్లలో ఫోన్ చేస్తే తెలిసిందేమంటే ఎక్కువమందికి స్పామ్‌లో ఉంది. నా జీమెయిల్‌కు గూగులే సంతకం పెడుతుంటే నాకెందుకిట్లా?

బాలాజీకాలనీ నెట్‌సెంటర్
ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ నమస్కారం. దీనికి నేను చెబుతాను, మా షాపుకి ఇలాంటివి రోజూ వస్తాయి.

మీ అకౌంటు అసలుదేనని గూగుల్‌కు తెలుసు. ఎప్పుడూ రోజుకు ఒకటీ రెండూ పంపే అకౌంటు నుంచి ఒక్కసారిగా అంతమందికి, అదీ బీసీసీలో, అదీ లింకుతో వెళ్లింది. అకౌంటు హ్యాక్ అయినప్పుడు అచ్చం ఇలాగే జరుగుతుంది కాబట్టి ఫిల్టరు జాగ్రత్త పడుతుంది. మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 మంది దాకా పరిమితి ఉందంటారు గానీ, పరిమితి లోపల ఉన్నంత మాత్రాన ఇన్‌బాక్స్ గ్యారంటీ కాదు.

తిరిగొచ్చినవే మీకు ఎక్కువ చేటు చేసి ఉంటాయి. ఎన్నో ఏళ్ల కిందటి అడ్రసులు కదా, వాటిలో చాలా మూతబడ్డాయి. యాహూ 12 నెలలు వాడకపోతే మెయిల్‌బాక్సు తీసేస్తుంది. గూగుల్ కూడా రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. లేని అడ్రసులకు గుంపుగా మెయిళ్లు కొట్టేది ఎవరు? ఎక్కడో లిస్టు కొనుక్కొచ్చిన స్పామర్లు. మీరు మీ పిల్లల్ని పిలుస్తున్నారని మిషనుకు తెలియదు.

ఇలా చేయండి సార్. పని చేస్తున్న అడ్రసులను మాత్రం ఫోన్లో కనుక్కోండి. ఐదారుగురికి విడివిడిగా, పేరు పెట్టి రాయండి: ‘ఒరే ఫలానా, ఎట్ల ఉన్నావు’ అని. వాళ్లు రిప్లై ఇవ్వాలి. రిప్లై వచ్చిన అడ్రసుకు తర్వాత పంపేవి స్పామ్‌లో పడడం చాలా అరుదు. ఆ తర్వాత గూగుల్ గ్రూపు ఒకటి పెట్టి వాళ్లనే చేరమనండి.

పలమనేరు మాస్టారు
ఆదివారం, ఉదయం 8:40

విడివిడిగా రాయడమే బాగుంది నాయనా. ఒక్కొక్కడికీ వాడికి తగిన మాట రాయొచ్చు. ఫోటోల లింకు తర్వాత పంపిస్తాను.

ఏర్పేడు విద్యార్థి
ఆదివారం, ఉదయం 10:15

నాదో డౌటు. ఇంటర్న్‌షిప్ కోసం బయటి యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లకు మెయిల్ చేస్తున్నాను. కాలేజీ ఇచ్చిన మెయిల్ నుంచే. సీవీ డ్రైవ్‌లో పెట్టి చిన్న లింకు చేసి ఇస్తున్నా. ఒక్కరూ జవాబివ్వడం లేదు. స్పామా, లేక వాళ్లు పట్టించుకోవడం లేదా? చాలా టెన్షన్‌గా ఉంది.

పోర్టు25
ఆదివారం, ఉదయం 11:02

తమ్ముడూ, రెండూ కావచ్చు. స్పామ్ వరకు నాకు కనిపిస్తున్నది చెబుతాను.

మొదటిది చిన్న లింకు. అసలు అడ్రసు దాచే లింకు కాబట్టి మోసగాళ్లు దాన్ని విపరీతంగా వాడారు. అందుకని ఆ సర్వీసుల పేరే చెడిపోయింది. సీవీ చిన్న పీడీఎఫ్ అయితే నేరుగా అటాచ్ చేయి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా పోతుంది, నీ సీవీ అందులో వందో వంతు కూడా ఉండదు. జిప్ చేసి పాస్‌వర్డ్ మాత్రం పెట్టొద్దు, లోపల ఏముందో చూడలేకపోతే ఫిల్టరు ఆపేస్తుంది.

రెండోది, ఒకే మ్యాటర్ ‘డియర్ ప్రొఫెసర్’ అని పేరు లేకుండా చాలామందికి కొట్టి ఉంటావు. ఒకే విభాగంలో పదిమందికి ఒకే మెయిల్ వచ్చి, అందులో ఇద్దరు ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కినా మిగతావాళ్లకు దెబ్బే.

మూడోది చాలామందికి తెలియదు. పెద్ద యూనివర్సిటీల్లో, కంపెనీల్లో అనుమానం వచ్చిన మెయిల్ స్పామ్ ఫోల్డర్‌కు కూడా రాదు. క్వారంటైన్ అని విడిగా ఐటీ విభాగం చేతిలో ఆగిపోతుంది. ఆయన స్పామ్ వెతికినా కనపడదు.

ఇంకోటి, కొందరు ప్రొఫెసర్లు యూనివర్సిటీ అడ్రసుకు వచ్చింది తమ సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటారు. అప్పుడు జీమెయిల్‌కు మెయిల్ తెచ్చి ఇచ్చేది ఆ యూనివర్సిటీ సర్వర్. అది మీ కాలేజీ ఎస్‌పీఎఫ్ జాబితాలో ఉండదు కాబట్టి ఎస్‌పీఎఫ్ ఫెయిల్. డీకిమ్ సంతకం ఉంటే ఫార్వర్డ్ అయినా అది నిలుస్తుంది. దారిలో ఎవరూ అడుగున ఏమీ అతికించకపోతేనే సుమా. కొన్ని ఆఫీసుల సర్వర్లు ప్రతి మెయిల్ కింద ‘వైరస్ స్కాన్ చేయబడింది’ అని ఒక లైను కలుపుతాయి. ఆ ఒక్క లైనుతో సంతకం చెల్లకుండా పోతుంది. మీ కాలేజీ మెయిల్‌కు డీకిమ్ ఉందో లేదో పైన అక్కకు చెప్పిన పద్ధతిలోనే చూసుకో.

చిత్తూరు నీలం
ఆదివారం, మధ్యాహ్నం 12:20

లింకుల సంగతి మీరే చెప్పారు కదా. అంటే లోపల రాసింది కూడా చూస్తున్నట్టేగా?

పోర్టు25
ఆదివారం, మధ్యాహ్నం 12:48

చూస్తారన్నా, చూడరని నేననలేదు. పేరు రుజువైన, పాత పరిచయమున్న మనిషి ‘అర్జెంట్‌గా డబ్బు కావాలి’ అని రాసినా సాధారణంగా ఇన్‌బాక్స్‌కే పోతుంది. ఎవరో తేలని డొమైన్ నుంచి వస్తే ‘బాగున్నారా’ అన్నదాన్నీ అనుమానిస్తారు. రాసిన మాట బరువు రాసినవాడి రుజువును బట్టి మారుతుంది. అంతా ఒకే బొమ్మగా పెట్టి అక్షరం లేకుండా పంపడం, చిన్న లింకులు, వింత అటాచ్‌మెంట్లు మాత్రం ఎవరు పంపినా కష్టమే. పెళ్లి కార్డు బొమ్మ ఒక్కటే పెట్టి పంపేవాళ్లు కనీసం రెండు వాక్యాలు టైపు చేయాలి.

గంగజాతర
ఆదివారం, సాయంత్రం 4:30

పోర్టు25 తమ్ముడూ, మీరు చెప్పినట్టే చేశాను. ఆ పట్టికలో ఎస్‌పీఎఫ్ పక్కన ‘పర్మ్‌ఎర్రర్’ అని ఉంది. డీకిమ్ అనే వరుసే లేదు. డీమార్క్ వరుస కూడా లేదు.

ఒక మాట అడగనా? మేము ఎవరికీ హాని చేసేవాళ్లం కాదు. ఏళ్ల తరబడి ఇదే అడ్రసు. మా మీద అనుమానమెందుకు? నాకు నిజంగా బాధగా ఉంది.

పోర్టు25
ఆదివారం, సాయంత్రం 5:10

బాధ సహజమే అక్కా. కొండ మీదికి పోయే ప్రతి బండినీ అలిపిరి దగ్గర ఆపి చూస్తారు కదా, తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లదైనా సరే. ఇదీ అంతే, మీ మనిషితనం మీద తీర్పు కాదు.

ఇక మీ జబ్బు దొరికింది. పర్మ్‌ఎర్రర్ అంటే మీ ఎస్‌పీఎఫ్ జాబితాను చదవడమే కుదరలేదని. దీనికి రెండు కారణాలు ఎక్కువగా చూస్తుంటాను. ఒకటి, ఆ జాబితా ఇంకో జాబితాను, అది మరోదాన్ని చూడమంటూ 10 డీఎన్‌ఎస్ వెతుకులాటలు దాటిపోవడం. చిన్న డొమైన్లకు ఇది అరుదు. రెండోది, ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుండడం. నియమం ప్రకారం ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే దేన్నీ లెక్కలోకి తీసుకోరు. రెండు ఉన్నాయి కదా ఇంకా గట్టిగా ఉంటుంది అనుకుంటారు, కానీ రెండూ లేనట్టే.

మీరు పాత హోస్టింగ్ నుంచి కొత్త సర్వీసుకు మారారన్నారు. నా అంచనా, పాతవాళ్ల రికార్డు అలాగే ఉంది, మీ వెబ్‌సైటు అబ్బాయి కొత్తది పక్కన చేర్చాడు. కొత్త సర్వీసు డీకిమ్ తాళాన్ని డీఎన్‌ఎస్‌లో పెట్టనే లేదు.

డొమైన్ కొన్నచోట లాగిన్ అయి డీఎన్‌ఎస్ పేజీలో ‘టీఎక్స్‌టీ’ రకం రికార్డులు చూడండి. ‘వి=ఎస్‌పీఎఫ్1’ అని మొదలయ్యే లైన్లు ఎన్ని ఉన్నాయి? (అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది.)

గంగజాతర
ఆదివారం, సాయంత్రం 6:25

రెండున్నాయి! ఒకదాంట్లో పాత హోస్టింగ్ కంపెనీ పేరు, ఇంకోదాంట్లో కొత్త మెయిల్ సర్వీసు పేరు. మీరు పక్కన కూర్చుని చూసినట్టు చెప్పారు.

పాతది తీసేయనా? మా వెబ్‌సైటు ఇంకా ఆ హోస్టింగ్‌లోనే ఉంది. అందులో ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం ఉంది, అది నింపితే నాకు మెయిల్ వస్తుంది.

పోర్టు25
ఆదివారం, సాయంత్రం 6:50

ఆగండి, తీసేయొద్దు. ఫారం మెయిల్ అక్కడినుంచి వస్తోంది కాబట్టి రెండు పేర్లనూ ఒకే లైనులోకి తేవాలి. మొదట ‘వి=ఎస్‌పీఎఫ్1’ ఒక్కసారే, తర్వాత కొత్త సర్వీసు ‘ఇన్‌క్లూడ్’, దాని పక్కనే పాతవాళ్ల ‘ఇన్‌క్లూడ్’, చివర ‘ఆల్’ ఒక్కసారే. ఆ లైను సేవ్ చేసి రెండోదాన్ని తీసేయండి. చేసేముందు పేజీని ఫొటో తీసి పెట్టుకోండి.

డీకిమ్ కోసం కొత్త మెయిల్ సర్వీసు అడ్మిన్ పేజీలోకి వెళ్లాలి. అక్కడ ఒక పేరు, ఒక పొడుగాటి అక్షరాల వరుస ఇస్తారు. ఆ పేరుతో ఇంకో టీఎక్స్‌టీ రికార్డు చేసి వరుసను అలాగే అతికించాలి, మధ్యలో ఖాళీ పడకూడదు. తర్వాత అడ్మిన్ పేజీలో ‘వెరిఫై’ నొక్కాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: రికార్డు పెడతారు, వెరిఫై నొక్కరు, సంతకం మొదలు కాదు.

ఫారం విషయంలో ఇంకోటి చూడమనండి మీ వెబ్‌సైటు అబ్బాయిని. నింపినవాళ్ల జీమెయిల్ అడ్రసునే ‘ఫ్రమ్’లో పెట్టి పంపే ఫారాలు చాలా ఉన్నాయి. అలా చేస్తే మీ హోస్టింగ్ సర్వర్ జీమెయిల్ పేరు పెట్టుకుని పంపినట్టు అవుతుంది. గూగుల్ దాన్ని వేషం కిందే లెక్కేస్తుంది. ‘ఫ్రమ్’లో మీ డొమైన్ అడ్రసు ఉండాలి, నింపినవాళ్ల అడ్రసు ‘రిప్లై టు’లో ఉండాలి.

బాలాజీకాలనీ నెట్‌సెంటర్
ఆదివారం, రాత్రి 7:40

పంపేవాళ్ల సంగతి పోర్టు25 చెబుతున్నారు. అందుకునేవాళ్ల వైపు పనులు నేను రాస్తాను. అసలు సగం గొడవలు ఇక్కడే తీరతాయి.

స్పామ్‌లో ఉన్న మెయిల్ తెరిచి చదివేసి ఊరుకుంటే లాభం లేదు. ‘నాట్ స్పామ్’ నొక్కాలి, ఆ అడ్రసును కాంటాక్ట్స్‌లో చేర్చాలి, ఒక ముక్క రిప్లై ఇవ్వాలి. ఇంకా గట్టిగా కావాలంటే జీమెయిల్ సెట్టింగుల్లో ఫిల్టర్ చేసి, ఆ అడ్రసుకు ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ టిక్కు పెట్టాలి. గంగజాతర అక్క తమ్ముడుగారు ఈ పని ఈరోజే చేసుకోవచ్చు.

జీమెయిల్ స్పామ్‌లో పడింది 30 రోజులకు దానంతటదే పోతుంది. పైన సెర్చ్‌లో పేరు కొట్టి ‘రాలేదు’ అంటారు చాలామంది. మామూలు సెర్చ్ స్పామ్‌లో వెతకదు. సెర్చ్ బాక్సు చివరనున్న గుర్తు నొక్కి, స్పామ్, ట్రాష్‌తో కలిపి వెతికే ఆప్షన్ ఎంచుకోవాలి. ఫోన్‌కు స్పామ్ మెయిల్ నోటిఫికేషన్ కూడా రాదు.

మా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, బయటిదేశం యూనివర్సిటీకి అప్లై చేసింది. ఇంట్లో కంప్యూటర్‌లో వాళ్ల నాన్న ఎప్పుడో అవుట్‌లుక్‌ను పాప్ పద్ధతిలో (మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పాత పద్ధతి) పెట్టారు. అందులో స్పామ్ ఫోల్డరు ఆ కంప్యూటర్‌లోకి రానే రాదు. వాళ్ల దృష్టిలో జంక్ ఖాళీ. బ్రౌజర్‌లో నేరుగా జీమెయిల్ తెరిస్తే యూనివర్సిటీ అడిగిన మార్కుల లిస్టు తాలూకు మెయిల్ స్పామ్‌లో ఉంది. ఇంకా గడువుంది కాబట్టి సరిపోయింది, ఆ పూటే స్కాన్ చేసి పంపించాం. అప్లికేషన్లు పెట్టిన పిల్లలు దయచేసి రోజూ ఒకసారి బ్రౌజర్‌లో స్పామ్ చూడండి.

తోతాపురి
ఆదివారం, రాత్రి 9:05

చిత్తూరు దగ్గర మామిడి పల్పు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తాను. ఇది చదువుతుంటే మా కథే అనిపిస్తోంది. సీజన్లో కాయ వస్తూనే ఉంటుంది, పల్పు తీసి డ్రమ్ములకు ఎక్కిస్తూనే ఉంటాం. యూరప్ కొనుగోలుదారు శాంపిల్ రిపోర్టు చూసి సరే అంటేనే కంటైనర్ కదులుతుంది. ఆ రిపోర్టు జంక్‌లో పడితే డ్రమ్ములు గోడౌన్లోనే.

ఒకసారి అంతకంటే భయంకరమైంది జరిగింది. మా డొమైన్ పేరులాంటిదే, ఒక్క అక్షరం తేడాతో, ఇంకెవరో కొని ‘మా బ్యాంకు అకౌంటు మారింది, ఇందులో వేయండి’ అని మా కొనుగోలుదారుకు మెయిల్ పంపారు. ఆయన ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బతికిపోయాం. మా ఓనరుగారు అప్పటినుంచి అన్ని ఇన్వాయిస్‌ల కింద ‘అకౌంటు మార్పు ఫోన్లో ధ్రువీకరించకుండా నమ్మవద్దు’ అని రాయిస్తున్నారు.

ఇప్పుడు డీమార్క్‌ను ‘రిజెక్ట్’లో పెట్టేస్తే ఈ పీడ పోతుందా?

పోర్టు25
ఆదివారం, రాత్రి 10:00

తోతాపురి అన్నా, ఆ ఫోన్ అలవాటు వదలొద్దు. వ్యాపార మెయిళ్లలో ఇలా అకౌంటు మార్చి కాజేసే మోసాల వల్ల 2023లో తమ దగ్గర నమోదైన నష్టమే 290 కోట్ల డాలర్లని అమెరికా ఎఫ్‌బీఐ లెక్క. ఫిల్టర్లు ఇన్వాయిస్ మెయిళ్లను అంత అనుమానంగా ఎందుకు చూస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. మన దేశంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆపడం కష్టం.

డీమార్క్ రిజెక్ట్ మీ అసలు పేరును వేరేవాళ్లు వాడకుండా ఆపుతుంది. ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్ మాత్రం వేరే డొమైనే, దానికి వాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ పక్కాగా పెట్టుకుంటారు కూడా. దాన్ని డీమార్క్ ఆపలేదు. పేరు రుజువైందంటే మనిషి మంచివాడని కాదు, ఆ పేరు అతనిదేనని మాత్రమే.

నేరుగా రిజెక్ట్‌కు పోవద్దు. మొదట ‘నన్’లో (ఏమీ చేయకుండా వదలమనే సూచన) పెట్టి, రిపోర్టులు పంపాల్సిన ఒక మెయిల్ అడ్రసు ఇవ్వండి. గూగుల్, యాహూ లాంటివాళ్లు మీ పేరుతో ఏయే ఐపీల నుంచి మెయిల్ వస్తోందో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా పంపుతారు. చదవడం కష్టంగా ఉంటే ఉచితంగా పట్టికలా చూపించే సైట్లున్నాయి. అందులో మీకు తెలియని మీ సొంత సర్వర్లే బయటపడతాయి: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఫారం, ఎప్పుడో ఎవరో పెట్టిన న్యూస్‌లెటర్ సర్వీసు. అవన్నీ సర్దాక ‘క్వారంటైన్’, తర్వాత ‘రిజెక్ట్’. తొందరపడితే మీ ఇన్వాయిస్‌లు మీరే ఆపుకున్నట్టవుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు ఒక్కసారిగా రిజెక్ట్ పెడితే ప్రపంచమంతా మెయిలింగ్ లిస్టుల్లో యాహూ వాళ్ల మెయిళ్లు తిరిగిపోయాయి.

గంగజాతర
సోమవారం, రాత్రి 8:15

నిన్న రాత్రే రెండు లైన్లనూ ఒకటి చేశాను. ఈరోజు మా వెబ్‌సైటు అబ్బాయి డీకిమ్ రికార్డు పెట్టి వెరిఫై కూడా నొక్కాడు. ఇప్పుడు పంపి చూస్తే ఎస్‌పీఎఫ్ ‘పాస్’, డీకిమ్ ‘పాస్’. డీమార్క్ ‘నన్’లో పెట్టాం. తమ్ముడికి పంపింది ఇన్‌బాక్స్‌కు వచ్చింది. అయితే హాట్‌మెయిల్ వాడే మా పాత హెడ్‌మిస్ట్రెస్ గారికి ఇంకా జంక్‌లోకే పోతోంది. ఇంకేమైనా మిగిలిందా?

పోర్టు25
సోమవారం, రాత్రి 9:20

చేయాల్సినవి చేసేశారక్కా. పాడైన పేరు ఒక్కరోజులో బాగుపడదు, ఒక్కో కంపెనీ తన లెక్క తాను వేసుకుంటుంది. మేడంగారిని ఆ మెయిల్‌ను ‘నాట్ జంక్’ అని గుర్తించి, మీ అడ్రసును ‘సేఫ్ సెండర్స్’లో చేర్చమనండి. నాలుగైదు ఉత్తరాలు అటూ ఇటూ నడిస్తే సర్దుకుంటుంది. టెస్టు పేరుతో ఖాళీ మెయిళ్లు మాత్రం పదేపదే పంపొద్దు.

ఏర్పేడు విద్యార్థి
సోమవారం, రాత్రి 10:30

కాలేజీ మెయిల్‌కు డీకిమ్ పాస్ వచ్చింది అన్నా. అంటే లోపం నా రాతలోనే. ఇద్దరు ప్రొఫెసర్ల పేపర్లు చదివి, వాటి మీద ఒక్కో ప్రశ్నతో విడివిడిగా రాస్తున్నాను. సీవీ పీడీఎఫ్‌గా పెడుతున్నా.

తోతాపురి
శుక్రవారం, సాయంత్రం 5:45

రిపోర్టులు రావడం మొదలైంది. పోర్టు25 గారు చెప్పినట్టే మాకు తెలియని సర్వర్ ఒకటి కనిపించింది. చూస్తే మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్వాయిస్‌లను వాళ్ల సర్వర్ నుంచి మా పేరుతో పంపుతోంది. ఎస్‌పీఎఫ్ లేదు, సంతకం లేదు. నెదర్లాండ్స్ పార్టీకి జంక్‌లో పడినవన్నీ అవే. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే డీకిమ్ తాళం సోమవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా ఇన్వాయిస్ పీడీఎఫ్ దించుకుని ఆఫీసు మెయిల్ నుంచే పంపుతున్నాం. తాళం పెట్టాక మళ్లీ ఇక్కడ రాస్తాను.